పార్టీలో పోయిన వాచీ

వాచీ పోయింది.

పోయిందని సేల్స్ మేనేజర్ మేడ మీద నుంచి అరిచినప్పుడు కింద హాలు నిండా జనం ఉన్నారు. అందరి చేతుల్లో ప్లేట్లున్నాయి. అరుపు విన్నాక కూడా ఒక్కరూ ప్లేటు కింద పెట్టలేదు. ఆయన ప్రమోషన్‌కి ఆయనిచ్చిన పార్టీ. మొహమాటానికి వచ్చినవాళ్లకు కాలక్షేపం దొరికింది.

అల్లాటప్పా వాచీ కాదది. కారున్నవాళ్లు కూడా అద్దం ఇవతల నిలబడి చూసి వెళ్లిపోయే వాచీ. కొత్తది కొనే స్తోమత సేల్స్ మేనేజర్‌కి లేదు. ఏడాదిపాటు వీడియోలు చూశాడు. భార్య పలకరిస్తే చెయ్యి అడ్డంపెట్టి మరీ చూశాడు. చివరికి ఒక మాల్‌లో, లిఫ్టు పక్కనున్న చిన్న షాపులో, పాతవాటికి పలికే రేటులో సగానికే దొరికింది. బాక్సు, వారంటీ కార్డు అన్నీ ఉన్న ఫుల్ సెట్.

సగానికే ఎందుకిస్తున్నావని ఆయన షాపువాణ్ణి అడగలేదు. అడిగితే రేటు పెంచుతాడేమోనని భయం.

సెకండ్ హ్యాండ్ అంటే ఆయనకు ఒళ్లు మండేది. ప్రీ-ఓన్డ్ అనాలి.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ వచ్చింది. వెనకాల హెడ్ కానిస్టేబుల్. ఆవిడకు యాభై దాటాయి. ఎవరినీ తొందరగా నమ్మదు, ఎవరి మీదా తొందరగా జాలిపడదు. హాల్లో సోఫాకి కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. దాని మీద కూర్చోబోయి, మానేసి, కుర్చీ లాక్కుంది.

"చెప్పండి."

"నిన్న సాయంత్రం వాచీ పెట్టుకునే ఉన్నాను మేడమ్. పార్టీ మొదట్లోనే మా ఎండీ గారు నాకు షీల్డు ఇచ్చారు. ఆ తర్వాత మొహం కడుక్కుందామని పైకెళ్లాను. వాచీ తీసి బాత్రూమ్ అరలో పెట్టాను. మర్చిపోయి కిందికొచ్చేశాను."

"తర్వాత?"

"ఎండీ గారు 'ఏదయ్యా నీ వాచీ, చూపించు' అన్నారు. చెయ్యి చూసుకున్నాను. లేదు. పరుగెత్తుకుంటూ పైకెళ్లాను. అరలోనూ లేదు."

"మధ్యలో పైకి ఎవరు వెళ్లారు?"

"మా మరదలు ఒక్కతే. మా ఆవిడ చెల్లెలు. రెండు నెలలుగా మా ఇంట్లోనే తిని..." అక్కడ ఆగి, మాట మింగాడు. "అంటే, మా ఇంట్లోనే ఉంటోంది. ఉద్యోగం వచ్చింది. వచ్చే వారం వెళ్లిపోతుంది."

"ఆమే తీసిందని ఎలా చెప్తున్నారు?"

ఆయన జేబులోంచి ఒక పాలిథిన్ కవరు తీసి టీపాయ్ మీద పెట్టాడు. అందులో బూడిదరంగు తోలుతో కుట్టిన చిన్న దిండు ఉంది. వాచీ బాక్సులో, వాచీని చుట్టి పెట్టే దిండు.

"మా మరదలి సూట్‌కేసులో దొరికింది."

"ఎవరు వెతికారు?"

"మా ఆవిడే. నేను ముట్టుకోలేదు."

"వెతకమన్నదెవరు?"

"నేనే."

ఫోన్ తీసి ఫొటోలు చూపించాడు. కుడిచెయ్యి అతిథి భుజం మీద, ఎడంచెయ్యి కోటు జేబులో పెట్టుకుని ఆయన. ఎండీతో ఆయన. ఎండీ ఇచ్చిన షీల్డుని రెండు చేతులతో తల మీదికెత్తి, పళ్లన్నీ బయటపెట్టి ఆయన. ఆ ఫొటో దగ్గర కాస్త ఎక్కువసేపు ఆపాడు.

"ఇదిగో, ఈ చివరిది నేను కిందికొచ్చాక తీసింది. వెనకాల చూడండి. మెట్లెక్కుతోంది చూశారా? మా మరదలే."

"ఈ ఫొటోలన్నీ నాకు పంపండి. వారంటీ కార్డు కూడా ఇవ్వండి."

"కార్డు ఎందుకు మేడమ్?" ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఎప్పుడు అరెస్టు చేస్తారు?"

ఇన్‌స్పెక్టర్ తలెత్తి చూసింది. ఖరీదైన వస్తువు పోయినవాళ్లు దొరుకుతుందా అని అడుగుతారు. ఈయన ఎప్పుడు అరెస్టు చేస్తారని అడిగాడు.

"కార్డు తెండి," అంది.

మరదలు పైగదిలో మంచం అంచున కూర్చుని ఉంది. సూట్‌కేసు నేల మీద తెరిచే ఉంది. బట్టలు చిందరవందరగా పడి ఉన్నాయి. ఏడ్చిన మొహం కాదు, కోపంతో కందిపోయిన మొహం.

"తీశావా?"

"లేదు."

"పైకెందుకొచ్చావు?"

"తలనొప్పిగా ఉంటే మాత్ర వేసుకోడానికి."

"మీ బావకి నీ మీద ఏదైనా కోపముందా?"

ఆమె చిన్నగా నవ్వింది. "వాచీ కొన్న రోజు ఆఫీసు వాళ్లని పిలిచి చూపిస్తున్నాడు. నేను పక్కనుంచి, 'బావా, దీని పాత యజమాని మళ్లీ అడిగితే ఇచ్చేస్తావా?' అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. మరదలినే కదా, ఆ మాత్రం ఆటపట్టించకూడదా? ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు."

"ఎక్కడ ఉద్యోగం?"

"ఎయిర్‌పోర్టులో. సామాన్లు స్కాన్ చేసే సెక్షన్. పోలీస్ వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది మేడమ్." ఆమె మంచం మీంచి లేచింది. "దొంగతనం కేసులో పేరుందంటే ఇంకెవరిస్తారు?"

ఇన్‌స్పెక్టర్ కిందికి దిగింది.

భార్య వంటింట్లో పార్టీ గిన్నెలు తోముతోంది. తల తిప్పలేదు.

"ఈ దిండు ఎక్కడుండేదమ్మా?"

"బాక్సులో. బాక్సు బీరువాలో."

"బీరువా తాళం?"

"ఆయన కీచైన్‌లోనే. వాచీ వచ్చాక నా నగల డబ్బా కూడా బయటికొచ్చేసింది మేడమ్. దానికి జాగా చాల్లేదట."

"రాత్రిపూట వాచీ తీసి బాక్సులో పెట్టేవారా?"

"అయ్యో, నిద్రలో కూడా తీసేవారు కాదు. అది కనబడేలా చొక్కా చేతులు మడవందే గుమ్మం దాటేవారు కాదు. ఒకసారి నా చెంప గీరుకుపోయింది కూడా." చెంప తడుముకుంది. "నిన్న పొద్దున్న మాత్రం కంపెనీ షోరూమ్‌లో మెరుగు పెట్టించుకొస్తానని పట్టుకెళ్లారు. సాయంత్రం ఎండీ గారు చూస్తారు కదా."

"తిరిగొచ్చాక చేతికి చూశారా?"

గిన్నె తోముతున్న చెయ్యి ఆగింది. "కోటు వేసుకునే దిగారు. గమనించలేదు."

కార్డు మీద ముద్ర ఉన్న షాపు మాల్ రెండో అంతస్తులో ఉంది. లోపల చల్లగా ఉంది, సెంటు వాసన కొడుతోంది. షాపువాడు తెల్ల గ్లవ్స్ తొడుక్కుని, యూనిఫారం చూడగానే నవ్వు మార్చుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ వారంటీ కార్డు కౌంటర్ మీద పెట్టింది.

"ఈ వాచీ నువ్వే అమ్మావా?"

"అవును మేడమ్. పక్కా ఒరిజినల్. ఏమైంది?"

"పోయింది. దొంగ నీకే అమ్మజూపుతాడేమోనని వచ్చాను."

షాపువాడి చూపు కౌంటర్ కింది సొరుగు మీదికి వెళ్లి వెనక్కొచ్చింది. పోయిన వాచీ ఎక్కడుందో తెలిసినవాడి చూపు అది.

"ఈ మోడల్ ఇంకా ఉన్నాయా?"

"లేవు మేడమ్."

"ఆ కింది సొరుగు తెరువు."

"తాళం ఇంటి దగ్గర..."

"హెడ్డూ," అంది ఇన్‌స్పెక్టర్, వెనక్కి తిరక్కుండానే. "ఈయన్ని ఇంటిదాకా తీసుకెళ్దామా? జీపులో, మాల్ మధ్యలోంచి?"

తాళం జేబులోనే దొరికింది.

సొరుగులో నల్ల వెల్వెట్ ట్రే. ట్రేలో అచ్చం ఒకేలా ఉన్న మూడు వాచీలు. ఇన్‌స్పెక్టర్ ఒక్కోటీ తిప్పి చూసింది. ఆ కంపెనీ ప్రతి వాచీకీ విడిగా ఒక నంబరు చెక్కుతుంది. ఒకదాని నంబరు ఇంకోదానికి ఉండదు. ఇక్కడ మూడింటికీ ఒకటే నంబరు. కార్డు మీదా అదే.

"కవల పిల్లలా?" అంది.

షాపువాడు స్టూలు మీద కూలబడ్డాడు. "మేడమ్, ఆయన నిన్ననే తిరిగిచ్చేశాడు. మధ్యాహ్నం వచ్చి నానా గొడవ చేశాడు. పోలీసుల దగ్గరికి వెళ్తానన్నాడు. 'వెళ్లండి సార్, మీరు మోసపోయారని పేపర్లో ఫొటోతో సహా వేస్తారు' అన్నాను. వెంటనే చల్లబడ్డాడు. సగం డబ్బు పుచ్చుకుని వాచీ ఇచ్చేశాడు. ఎవరికీ చెప్పొద్దని నా చేతే ఒట్టు వేయించుకున్నాడు."

సీసీటీవీలో అంతా ఉంది. ముందు చెయ్యెత్తి అరుస్తున్న సేల్స్ మేనేజర్. తర్వాత చేతులు జోడించిన సేల్స్ మేనేజర్.

హెడ్ కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. ఆవిడ కళ్ల ముందు చిందరవందరగా పడి ఉన్న సూట్‌కేసు బట్టలు మెదిలాయి.

సాయంత్రం అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. సేల్స్ మేనేజర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు. ఎండీని కూడా రమ్మన్నాడు. తన వాచీ కోసం పోలీసులు ఇంటికొచ్చి దొంగని పట్టుకెళ్లడం ఎండీ కళ్లారా చూడాలి. ఎండీ చేతికి అదే కంపెనీ వాచీ మెరుస్తోంది. భార్య గుమ్మానికి ఆనుకుని నిలబడింది. మరదలు మెట్ల మీద కూర్చుంది.

"తీసుకెళ్లేది ఇవాళేనా మేడమ్?" అన్నాడు సేల్స్ మేనేజర్.

"ఇవాళే. ముందు నా సందేహం తీర్చండి. వాచీ ఎక్కడి నుంచి పోయింది?"

"చెప్పాను కదా, బాత్రూమ్ అరలోంచి."

"దిండు?"

"అది... ఈవిడ సూట్‌కేసులో."

"దొరికింది సూట్‌కేసులో. అంతకుముందు ఉన్నది బీరువాలో. బీరువా తాళం మీ కీచైన్‌లో. బాత్రూమ్‌లో వాచీ చేతికి దొరికిన మనిషి, తాళం వేసిన బీరువా తెరిచి, వాచీ లేని దిండు ఎందుకు తీస్తుంది?"

భార్య గుమ్మం దగ్గర నుంచి ఆయన నడుముకున్న కీచైన్ వైపు చూసింది.

"దొంగకి దిండుతో పనిలేదు. దొంగ అనే మాట పుట్టించాలనుకున్నవాడికే పని. మరదలి సూట్‌కేసులో పెట్టడానికి వాచీ లేదు కాబట్టి దిండు పెట్టారు."

"మేడమ్! నేను పార్టీలో వాచీ పెట్టుకుని..."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ ఆయన ముందు పెట్టింది. రెండు చేతులతో షీల్డు తల మీదికెత్తిన ఫొటో. వేళ్లతో పెద్దది చేసింది. చేతులు పైకెత్తడంతో కోటు చేతులు కిందికి జారాయి. ఎడం మణికట్టు బోసిగా ఉంది.

"మొహం కడుక్కోడానికి వెళ్లకముందు తీసిన ఫొటో ఇది. అందరూ మీ పళ్లు చూశారు, షీల్డు చూశారు. మిగతా ఫొటోలన్నిట్లో ఈ చెయ్యి జేబులోనే ఉంది. వాచీ కొన్నాక చొక్కా చేతులు మడవకుండా బయటికెళ్లని మనిషి, సొంత పార్టీలో చెయ్యి దాచుకున్నాడు. ఎందుకు?"

సేల్స్ మేనేజర్ ఎడంచెయ్యి వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"షాపుకి వెళ్లొచ్చాను. సీసీటీవీ చూశాను. నకిలీ వాచీ. నిన్న మధ్యాహ్నమే తిరిగిచ్చేశారు."

మెట్ల మీద మరదలు లేచి నిలబడింది.

"కంపెనీ షోరూమ్‌లో కౌంటర్ దగ్గరి అమ్మాయి భూతద్దం పెట్టి చూసింది," అన్నాడాయన, నేల చూస్తూ. "రెండు వేళ్లతో నా వైపు తోసింది. 'ఇది మా కంపెనీది కాదు సార్' అంది. పక్కన ఇంకో కస్టమర్ ఉన్నాడు మేడమ్. విన్నాడు."

అతని గొంతులో నిజమైన బాధ అదొక్కటే.

"పారేసుకున్నానంటే మతిమరుపు మనిషంటారు," అంది ఇన్‌స్పెక్టర్. "తిరిగిచ్చేశానంటే మోసపోయాడంటారు. దొంగలెత్తుకుపోయారంటే? దొంగే ఆశపడ్డాడంటే అది అసలు సరుకేనని అందరూ నమ్ముతారు. మీ వాచీ అసలుదనిపించుకోవడానికి ఆ పిల్ల చేతికి బేడీలు పడాల్సి వచ్చింది. అంతేనా?"

"ఏ షాపన్నారు?" అన్నాడు ఎండీ ఉన్నట్టుండి.

"మాల్‌లో. లిఫ్టు పక్కది."

ఎండీ మెల్లిగా చొక్కా చేతిని కిందికి లాగి, గుండీ పెట్టుకున్నాడు. అర్జంటు పనుందని లేచి వెళ్లిపోయాడు. అతని ముందు పరువు పోతుందనే ఈయన వణికిపోయాడు. తీరా చూస్తే అతని వాచీ వచ్చిందీ అదే సొరుగులోంచి.

సేల్స్ మేనేజర్ మరదలి వైపు తిరిగాడు. "ఏదో అయిపోయింది. మనింట్లో మాటే కదా. బావనేగా, మనసులో పెట్టుకోకు."

"బావా," అందామె. "ఆ రోజు 'పాత యజమాని' అన్నప్పుడు నువ్వూ నవ్వేసుంటే అయిపోయేది. అంతే కదా అప్పుడు కావలసింది?"

పైకెళ్లి సూట్‌కేసు సర్దుకుని దిగింది. అక్క ఎదురెళ్లి పట్టుకోబోయింది. ఆమె సూట్‌కేసు రెండో చేతికి మార్చుకుంది.

"నిన్న నా బట్టలు ఒక్కోటీ దులిపి చూశావక్కా."

"ఆయన చెప్పారని..."

"తెలుసు."

తలుపు దాటి వెళ్లిపోయింది. అక్క కొంగుతో చేతులు తుడుచుకుని, ఇన్‌స్పెక్టర్ దగ్గరికొచ్చింది.

"బీరువా తాళం ఆయన దగ్గరే ఉండేదని స్టేట్‌మెంట్ ఇస్తాను. ఎక్కడ సంతకం చెయ్యమంటారు?"

"ఏమిటే నువ్వు కూడా!" అన్నాడు భర్త.

ఆమె పెన్ను అందుకుంది.

స్టేషన్‌లో తప్పుడు ఫిర్యాదు కింద కేసు రాస్తున్నారు. పక్క బెంచీ మీద షాపువాడు తెల్ల గ్లవ్స్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మరదలి వెరిఫికేషన్ కాగితం మీద ఇన్‌స్పెక్టర్ అప్పటికే సంతకం చేసి పంపేసింది. హెడ్ కానిస్టేబుల్ రిపోర్టు టైపు చేస్తూ పైకి చదువుతున్నాడు. సేల్స్ మేనేజర్ శ్రద్ధగా విన్నాడు. సాక్ష్యం సృష్టించడం దగ్గర తలూపాడు. అమాయకురాలి మీద నింద వేయడం దగ్గరా తలూపాడు. తర్వాతి వాక్యం దగ్గర ముందుకి వంగాడు.

"మేడమ్, చిన్న రిక్వెస్టు."

"చెప్పండి."

"ఇది కోర్టుకెళ్తుంది. నలుగురూ చదువుతారు." గొంతు బాగా తగ్గించాడు. "మిగతాదంతా అలాగే ఉండనివ్వండి. ఆ 'నకిలీ' అన్న మాట ఒక్కటి తీసేయకూడదా? ఉత్త 'వాచీ' అంటే చాలదూ?"

హెడ్ కానిస్టేబుల్ టైపు చేయడం ఆపి ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు.

"పెద్దక్షరాల్లో కొట్టు," అంది ఆవిడ.