చన్నీళ్ళా, వేన్నీళ్ళా

పైడితల్లి కడుపు పోయిన రోజున తేలువాడలో ఏ పడవా వేటకు వెళ్ళలేదు. డాక్టరు వకుళ ఆమె మంచం పక్కన కూర్చుని, ఉప్పుజ్వరం మాత్ర వేసుకునే ముందు కడుపుతో ఉన్నానని శ్రోత యంత్రానికి చెప్పలేదా అని అడిగింది.

“సెప్పానమ్మా. నీళ్ళోసుకున్నానన్నాను. సన్నీళ్ళా, ఏణ్ణీళ్ళా అనడిగింది. పరాసికాలాడతందనుకున్నాను,” అని పైడితల్లి గోడవైపు తిరిగిపోయింది.

గోడమీద శ్రోత పచ్చగా వెలుగుతోంది. సముద్రం ఊళ్ళను మింగాక, నీటిమీద కట్టిన ఈ ఇళ్ళకు వైద్యం కావాలని జనాన్ని కూడగట్టింది వకుళే. నిరాహారదీక్ష చేసిందీ ఆమే. ఇంటికో శ్రోత వచ్చింది. అది రోగి మాట వింటుంది, మందు రాస్తుంది. వకుళ వేలు ఆనిస్తే ఆస్పత్రిలో ఉన్న వాడ మందుగూడు తెరుచుకుంటుంది. పైడితల్లి మాటను అది స్నానమనుకుంది. వకుళకు పంపిన సారాంశంలో ఆ స్నానం కూడా లేదు.

మర్నాడు పొద్దున్న వకుళ ఆస్పత్రిలో సారాంశాలు పక్కన పెట్టి, శ్రోతల్లో నమోదైన ఒక్కొక్కరి గొంతూ విడిగా వినడం మొదలుపెట్టింది. చివరి వరుస ఇళ్ళకు వచ్చేసరికి నూకరత్నం గొంతు వినబడింది. ఒళ్ళు కాలిపోతోందట. నీళ్ళోసుకుందట. శ్రోత అదే మాత్ర రాసింది.

వకుళ వేలు వెనక్కి తీసుకుంది.

ఒక్క మందు నిరాకరించినా, విచారణ ముగిసేదాకా వాడ మొత్తానికీ మందుగూడు మూతపడుతుందని శ్రోత మర్యాదగా గుర్తుచేసింది. పడవ నడిపే నర్సు అప్పలనరస ముఖం పాలిపోయింది.

“మా నాన్న గుండెమాత్ర కూడా అందులోనే ఉందమ్మా.”

“తెలుసు. గునపం పట్రా.”

నిరాకరణ నమోదైంది. గూడు మూతపడింది. వకుళ గునపంతో పొడిచిన మూడో పోటుకి తలుపు ఊడింది. వాడలో శ్రోతలన్నీ ఒక్కసారే ఎర్రబడ్డాయి. అప్పలనరస మందులన్నీ సంచిలోకి ఎత్తింది. తండ్రి మాత్ర మాత్రం కొంగున ముడి వేసుకుంది. పడవెక్కాక, పైవాళ్ళు మిమ్మల్ని ఇక్కడ ఉండనివ్వరంది. తీసేస్తే నీ పడవలో తెడ్డు వేస్తాలే అంది వకుళ.

నూకరత్నం గడపలోనే చతికిలబడి ఉంది. వకుళ ఆమె నుదుటిమీద చెయ్యి వేసి, నీళ్ళోసుకున్నావా అని మెల్లగా అడిగింది.

“మూడో నెలమ్మా,” అంది నూకరత్నం, అంత జ్వరంలోనూ సిగ్గుపడుతూ.

వకుళ సంచిలోంచి వేరే మందు తీసి తన చేత్తోనే తాగించింది.

వాడలో ఇంకా చాలా గడపలున్నాయి. పైడితల్లి ఇల్లు దారిలోనే ఉంది. శ్రోత ఆ ప్రశ్న పరాచికానికి అడగలేదని ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.