జాడపలక చెప్పని సంగతి

నీలవేణి పళ్ళు తోముకుని ఉమ్మగానే వాష్‌బేసిన్ పైనున్న జాడపలక ఎర్రబడింది. పక్కనే గడ్డం గీసుకుంటున్న భర్త భార్గవ చేయి ఆగిపోయింది.

విశాఖలో ఆ పలక లేని ఇల్లు లేదు. ఉమ్మిలోని వైరస్ డీఎన్‌ఏను అది క్షణాల్లో పట్టేస్తుంది. ప్రయోగశాలలు కూడబెట్టిన జాడకోశంతో పోల్చి, అదే శాఖ వైరస్ ఇంకెవరిలో ఉందో చెబుతుంది. భార్యాభర్తలు ఒకరి ఫలితం ఒకరు చూసుకోవచ్చని చట్టం.

పెదవిపొక్కు వైరస్. భర్తలో లేదు. అతి దగ్గరి జాడ: దాలయ్య, కళింగపట్నం.

"ఎవరితను?" అన్నాడు భార్గవ.

"నాకు తెలీదు."

"తెలీనివాడిది నీ పెదవి మీదకెలా వచ్చింది? కిందటేడు ఆఫీసు పనని కళింగపట్నం వెళ్ళావు కదా."

"మా వాళ్ళందరితో కలిసి వెళ్ళాను. కావాలంటే అడుగు."

అతను అడగలేదు. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను వెతికాడు. ఏమీ దొరకలేదు. తుడిచేసిందేమో అనుకున్నాడు.

ఆదివారం అనకాపల్లిలో పనుందని అబద్ధం చెప్పి కళింగపట్నం వెళ్ళాడు. దాలయ్య ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. భార్గవ ఫొటో చూపి నీలవేణి పేరు చెబితే తల అడ్డంగా ఊపాడు. లోపలి నుంచి అతని తల్లి నూకాలు వచ్చింది.

"నీలవేణంటే అప్పట్లో ఇక్కడున్న రేవు ఇంజనీరు గారి పాపేనా బాబూ?"

భార్గవ తలూపాడు.

"ఆలమ్మకి పురిటి జొరమొచ్చి పాలు పడనేదు. మా దాలిగాడితో పాటు నానే ఇచ్చినాను. మూతి పొక్కినా ముద్దులాడకుండా ఉండనేకపోయీదాన్ని. సేపలోల్ల పాలు తాగిందని ఎవులికీ సెప్పొద్దన్నారు. నాను సెప్పనేదు." ఆమె కాస్త దగ్గరికొచ్చింది. "పిల్ల బాగుందా?"

జాడకోశంలో కొడుకు ఉన్నాడు, తల్లి లేదు. వైరస్ ఎవరి శాఖో పలక చెప్పగలదు, ఎప్పుడు చేరిందో చెప్పలేదు. అది నరాల్లో దాక్కుని దశాబ్దాల తర్వాతైనా పైకి రాగలదు. ఆ సంగతి భార్గవ చదువుకున్నదే. ఈ వారంలో ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాడు. నీలవేణికి తల్లి చనిపోయేదాకా ఈ మాట చెప్పనే లేదు.

"ఆ పాలిచ్చినామె బతికే ఉందన్నమాట," అంది. లేచి సంచిలో బట్టలు సర్దుకుంది.

"నేనూ వస్తాను."

"నువ్వు వెళ్ళొచ్చావుగా. ఆమె కోసం కాదు, నన్ను పట్టుకోవడానికి."

"తప్పయిపోయింది, వేణీ."

"ఆమె ఆ మాట చెప్పకపోయుంటే నన్నేం చేసేవాడివి?"

భార్గవ సంచి అందుకోబోయాడు. ఆమె దాన్ని తనే భుజాన వేసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

కళింగపట్నంలో నూకాలు ఆమెను గుమ్మంలోనే గుర్తుపట్టింది. రెండు చేతులతో మొహం పట్టుకుని, ముద్దు పెట్టబోయి, చప్పున వెనక్కి తగ్గింది. పలకలొచ్చాక ఆ వాడలో ఎవరూ పిల్లలను ముద్దాడడం లేదు.

"వొద్దమ్మా, జాడ పడతాది."

"పడే ఉందమ్మా," అంటూ నీలవేణి తన చెంప ఆమె చెంపకు ఆనించింది.