తొమ్మిదో నంబరు కారం మిల్లు

"ఇవ్వాళ వద్దే దివ్యా. ఇంకో రోజు పెట్టుకోమను వాళ్ళని."

పొద్దున లేచిన దగ్గర్నుంచీ కనకలక్ష్మి అదే మాట.

"కౌన్సిల్ మీటింగు మన కోసం ఆగదమ్మా."

"చున్నీ నడుముకి కట్టుకో, బెల్టులో పడుద్ది. కరెంటు తీగలు ముట్టుకోమాక. ఆ బుల్లయ్య మజ్జిగిచ్చినా తాగమాక."

"బుల్లయ్య నాకు మజ్జిగెందుకిస్తాడు?"

"ఇస్తేనే భయం."

శ్రీదివ్య నవ్వుతూ స్కూటీ బయటికి తీసింది. కనకలక్ష్మి నవ్వలేదు. కూతుర్ని గుమ్మంలో నిలబెట్టి, ఎండుమిరపకాయలూ కల్లుప్పూ గుప్పిట పట్టి మూడుసార్లు చుట్టూ తిప్పింది. గ్యాసు పొయ్యి వచ్చాక ఇంట్లో నిప్పులెక్కడివి? ఆ కాయలూ ఉప్పూ కొంగున ముడేసుకుని కూతురి వెనక ఎక్కి కూర్చుంది.

నల్లగుంటపాడు మున్సిపాలిటీ కొత్తగా షాపింగ్ కాంప్లెక్సు కట్టింది. కింద షాపులు. పైన కౌన్సిల్ హాలు. తొమ్మిదో నంబరు షాపులో కారం మిల్లు పెట్టుకుంటానని శ్రీదివ్య అర్జీ పెట్టింది. జనం తెచ్చిన కాయలు వాళ్ళ కళ్ళెదుటే ఆడించి ఇస్తుంది. లేచిన దుమ్మంతా మిషనే సంచిలోకి లాగేసుకుంటుంది.

బట్టల షాపులవాళ్ళు గొడవ చేశారు. చీరలకి ఘాటు పడుతుందన్నారు. వాళ్ళ వెనక ఎవరున్నదీ ఊరందరికీ తెలుసు. ఊళ్ళో ఇప్పటిదాకా ఉన్నది ఒక్కటే కారం మిల్లు. అది బుల్లయ్యది.

చివరికి కౌన్సిలరు అనంతపద్మనాభం మాష్టారు ఒక దారి చెప్పాడు.

"మనం పైన మీటింగు పెట్టుకుందాం. అమ్మాయి కింద మిల్లు ఆడిస్తుంది. మనకి దగ్గొస్తే వద్దందాం. రాకపోతే చేతులెత్తి ఒప్పుకుందాం. ఉబ్బసం ఉన్నవాణ్ణి, నేనే కూర్చుంటాను కదా."

ఆ రోజు ఇదే.

పదకొండింటికి మిల్లు మొదలైంది. కనకలక్ష్మి దాని పక్కన నిలబడలేకపోయింది. బెల్టు తెగినట్టు, కూతురి చెయ్యి నలిగినట్టు ఒకటే ఊహలు. బయటికొచ్చి ఇస్త్రీ బండి దగ్గర ఒక మూకుట్లో నాలుగు నిప్పులు అడిగి తీసుకుంది. ఎవరూ లేని చోటు చూసుకుని కొంగుముడి విప్పి వేసింది.

ఉప్పు చిటపటలాడింది. కాయలు నల్లబడ్డాయి. ఘాటు మాత్రం రాలేదు. ఒక్క తుమ్ము కూడా రాలేదు.

ఘాటు రాలేదంటే దిష్టి అంత ఉన్నట్టు. ఎవరి కన్నో వేరే చెప్పాలా? షాపు ముందున్న గోతాంలోంచి దోసెడు కాయలు తెచ్చి వేసింది. అయినా రాలేదు. ఈసారి కొంగు నిండా తెచ్చి కుమ్మరించింది.

అప్పుడు పైన కుర్చీలు పడ్డ చప్పుడైంది.

ఏసీ కోసం కిటికీలన్నీ బిగించిన హాలు. గొంతులు పట్టేసి, కళ్ళు మూసుకుపోయి కౌన్సిలర్లు తలుపు కోసం తడుముకుంటూ మెట్ల మీద పడ్డారు. మాష్టారు మాత్రం రాలేదు. పెదాలు నీలం తిరిగి బల్ల కింద పడి ఉన్నాడు.

అంబులెన్సు ఆయన్ని ఒంగోలు తీసుకుపోయింది.

*

పన్నెండింటికి ఎస్సై ఫెబా వచ్చింది. వెంట కానిస్టేబుల్ షబ్బీర్.

జనం తొమ్మిదో నంబరు ముందు మూగారు.

"చెప్పాం గదా మేడమ్. కారం మిల్లు పెడితే ఇదే."

"మాష్టారు పోతే ఈ పిల్లదే బాధ్యత. లోపలెయ్యండి ముందు."

శ్రీదివ్య మిషన్ పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఫెబా ఆ అమ్మాయి మొహం చూసింది. తెల్ల చున్నీ చూసింది. మిషన్ పైన వేలితో గీసి చూసుకుంది.

"నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే, మేడమ్."

"దగ్గొచ్చిందా?"

ఆ అమ్మాయి జవాబు చెప్పేలోపు కనకలక్ష్మి జనాన్ని తోసుకుని వచ్చింది.

"నా కూతురు కాదు. నేను చూశా. బుల్లయ్య కొడుకు యలమంద. వెనక మెట్ల మలుపులో నిలబడి గోడకున్న ఫ్యానులోకి ఏదో జల్లుతున్నాడు."

ఆమె నిజంగా చూసింది ఒక నీలం చొక్కా వీపు. అది కూడా గేటు దాటి పరిగెత్తుతుంటే. మిగతాదంతా నోట్లోంచి దానంతటదే వచ్చింది. వచ్చాక, ఎన్నో ఏళ్ళుగా రొమ్ములో మండుతున్నదేదో చల్లబడినట్టయింది.

షబ్బీర్ వెనక మెట్లెక్కి చూశాడు. మలుపులో గోడకి ఫ్యాను. దాని కింద కాయల బొగ్గుతో నిండిన మూకుడు.

మధ్యాహ్నానికి యలమంద స్టేషన్లో ఉన్నాడు.

"కాంప్లెక్సు దగ్గరికి ఎందుకెళ్ళావు?"

"ఊరికే, మేడమ్."

"ఊరికే వెళ్ళినవాడివి ఎందుకు పరిగెత్తావు?"

యలమంద తల వంచుకున్నాడు. ముప్పై దగ్గర పడ్డ మనిషి, బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లాడిలా ఉన్నాడు.

"మిషన్ చూద్దామని. అట్టాంటిదే మనమూ కొందామని నాన్నతో అన్నా పోయినేడు. చెప్పు తీశాడు. నేను ఆడ నిలబడి చూస్తన్నానని తెలిస్తే..."

"వెనక మెట్లెక్కావా?"

"లేదు."

"నిన్ను చూసినవాళ్ళున్నారు."

"ఎవరు?"

ఫెబా ఫైలు మూసింది.

బుల్లయ్య వచ్చాడు. తెల్లపంచె, భుజాన కండువా. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మావాడికి పొదిలి సంబంధం ఖాయమైంది, మేడమ్. ముహూర్తాలు పెట్టుకుంటన్నాం. ఇప్పుడు కేసంటే వాళ్ళు గడప తొక్కరు."

"మిల్లు రాకూడదని మీరు గొడవ చేయించారా, లేదా?"

"చేయించా. మూడు తరాల మిల్లు నాది. ఎదురుగా ఇంకొకటి పెడతంటే హారతివ్వాలా? కానీ మాష్టారు నాకు అఆలు నేర్పినాయన. ఆయన గొంతు పట్టుకోను."

సాయంత్రం కనకలక్ష్మిని పిలిచి స్టేట్‌మెంటు రాయించుకున్నారు. సంతకం అయ్యాక ఫెబా పెన్ను మూత పెట్టింది.

"మీకూ బుల్లయ్యకీ మధ్య ఏంటమ్మా?"

"ఏం లేదు."

"ఏం లేకుండా ఆ పేరు అట్లా పలకరు."

కనకలక్ష్మి కొంగు కొస మెలిపెట్టింది.

"మా ఆయన కోటేష్ ఆ మిల్లులోనే ఆడించేవాడు. రేత్రి పడుకుంటే ఊపిరితిత్తుల్లోంచి పిల్లి కూతలు. మూతికి గుడ్డ కట్టుకోమంటే కాయ రంగు తెలవదనేవాడు. పోయాడు. పాడె వాళ్ళ మిల్లు ముందునించే పోవాలి. మా వీధిలో శవం పోతంటే టీకొట్టువాడు కూడా పొయ్యి తగ్గిస్తాడమ్మా. బుల్లయ్య మిల్లు ఆపలేదు. ఆ మోత తగ్గలేదు. నా బిడ్డ ఏడుపు నాకే వినపళ్ళేదు."

"అందుకే మీ అమ్మాయి చేత మిల్లు పెట్టిస్తున్నారా?"

"దానికి తెలవదు. అది బతుకుతెరువనుకుంటంది. ఆయన మిల్లు మోత ఆగిపోయిన రోజు నేను కడుపునిండా తింటా."

ఫెబా ఆ మాట కాగితం మీద పెట్టలేదు.

ఆ రాత్రి కనకలక్ష్మికి నిద్ర పట్టలేదు. మాష్టారు పోతాడేమో, దివ్యని జైలుకి తీసుకుపోతారేమో, స్టేషన్ నుంచి యలమంద తిరిగొచ్చి ఇంటి మీద పడతాడేమో. అన్ని భయాల మధ్యా ఒక్కటే తీపి. బుల్లయ్య ఈ రాత్రి అన్నం తిని ఉండడు.

*

మర్నాడు పొద్దున ఫెబా కౌన్సిల్ హాల్లోకే అందర్నీ పిలిచింది. చైర్మన్. బుల్లయ్య. షబ్బీర్ పక్కన యలమంద. ఇవతల శ్రీదివ్య, కనకలక్ష్మి.

"మాష్టారికి మెలకువ వచ్చింది," అంది ఫెబా. "కళ్ళు తెరిచి, మిల్లు సంగతి ఓటింగుకి పెట్టారా అని అడిగాడట."

చైర్మన్ మొహంలోకి నవ్వు వచ్చి పోయింది.

"నిన్న మిల్లు పక్కన నిలబడ్డవాళ్ళలో ఎవరికి దగ్గొచ్చింది?"

"నేను అందర్నీ అడిగాను. ఒక్కరికీ రాలేదు. ఈ అమ్మాయి చున్నీ తెల్లగానే ఉంది. కింద లేని ఘాటు పైకెలా వచ్చింది?"

"ఫ్యానులోంచి," అన్నాడు చైర్మన్. "మా ఎలక్ట్రీషియను తిరగేసి బిగించాడట, మేడమ్. లోపలి గాలి బయటికి పంపాల్సింది, బయటి గాలి లోపలికి లాగుతోంది."

"అవును. అయితే యలమంద దాంట్లో కారం జల్లితే రెక్కలు ఎర్రబడాలి. షబ్బీర్, ఆ గుడ్డ చూపించు."

రెక్కలు తుడిచిన గుడ్డ నల్లగా ఉంది.

"మసి. డాక్టరు కూడా పొగేనన్నాడు. జల్లింది కాదు, కాల్చింది." ఫెబా మూకుడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది మలుపులో దొరికింది. నిన్న దీన్ని చూసి పగతో పెట్టిన పొగ అనుకున్నాను. కేసు అందుకే రాశాను. ఒకటి సరిగ్గా చూడలేదు."

పెన్ను కొసతో బొగ్గు కదిపింది. నలుపులో తెల్లటి పలుకులు మెరిశాయి.

"ఉప్పు. కల్లుప్పు. పగబట్టి పొగ పెట్టేవాడికి ఉప్పుతో ఏం పని?"

ఆ మూకుడికేసి చూస్తూ, అందరికన్నా ముందు బుల్లయ్యే అన్నాడు.

"దిష్టి."

కనకలక్ష్మి కుర్చీ అంచు పట్టుకుంది. ఘాటు రాకపోవడం ఎవరి కన్నూ కాదు. తన ముక్కు దగ్గరికి రావాల్సిన పొగంతా నెత్తి మీదున్న ఫ్యాను లాక్కుపోయింది. రాలేదు రాలేదని తాను ఇంకా ఇంకా కుమ్మరిస్తుంటే, గోడకి అవతల మాష్టారు ఊపిరి ఆగిపోతోంది.

"మా ఇంట్లో ఈ అలవాటు లేదు," అంది ఫెబా. "పక్కింటామె మనవడికి తీస్తుంటే చూసేదాన్ని. నిన్న నిప్పులు ఎవరడిగారని ఇస్త్రీ బండి ఆయన్ని అడిగితే మీ పేరు చెప్పాడమ్మా. మెట్ల మలుపు దాకా ఎక్కితేగానీ ఆ ఫ్యాను కనపడదు. అది అక్కడుందని మీరెట్లా చెప్పగలిగారో అప్పుడర్థమైంది."

"అమ్మా," అంది శ్రీదివ్య.

"దిష్టి తియ్యడం నేరం కాదు," అంది ఫెబా. "పొరపాటనే రాస్తాను. మిల్లుకీ దీనికీ సంబంధం లేదని చైర్మన్ గారికి కాగితం ఇస్తాను. ఇక మిగిలింది ఒక్కటే."

కనకలక్ష్మి సంతకం పెట్టిన స్టేట్‌మెంటు ముందుకు జరిపింది.

"దిష్టికి ఎవరైనా గుప్పెడు కాయలు వేస్తారు. ఈ మూకుట్లో గంపెడు కాలాయి. మీరు గుప్పెడు వేసి వెళ్ళారు, మిగతావి వెనకొచ్చినవాడెవడో వేశాడు అనుకోవచ్చు. మీరు వేస్తుండగా చూసినవాళ్ళు లేరు. అతను అక్కడ లేడని చెప్పేవాళ్ళూ లేరు. మలుపులో యలమందని చూశానని మీరిప్పుడు మళ్ళీ అంటే, మాష్టార్ని చంపబోయాడని నేనితన్ని ఒంగోలు కోర్టుకి పంపాలి. మీ మీద ఏమీ ఉండదు."

యలమంద ఆమెకేసి చూడలేదు. నేలకేసి చూస్తున్నాడు. అదే నీలం చొక్కా, చంకల కింద చెమట.

బుల్లయ్య మాత్రం చూస్తున్నాడు. కండువా భుజం మీద నుంచి జారి మోచేతిలో వేలాడుతోంది. సర్దుకోవడం లేదు. ఆ మనిషి గుటక వేయడం కనకలక్ష్మికి స్పష్టంగా కనపడింది.

ఇన్నేళ్ళూ ఆమె కోరుకున్నది ఇదే. ఆ మెడ ఇలా వంగాలని. ఆ కళ్ళు ఇలా తనకేసి చూడాలని. ఒక్క మాట చాలు. అది కొత్తగా అనక్కర్లేదు కూడా, నిన్న అన్నదే. అంటే ఆ ఇంట్లో పెళ్ళి ఆగుద్ది. పొదిలివాళ్ళు మొహం తిప్పుకుంటారు. ఆ మిల్లు చూసుకునేవాడు ఉండడు. మోత ఆగుద్ది.

కింద ఎవరో షట్టరు ఎత్తారు. చైర్మన్ గడియారం చూసుకోబోయి మానేశాడు. షబ్బీర్ నీళ్ళ సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు.

శ్రీదివ్య లేచి తల్లి ముందుకొచ్చి నిలబడింది. ఏడవడం లేదు.

"అమ్మా. యలమందని చూశావా, లేదా?"

కనకలక్ష్మి కూతురి మొహం చూసింది. ఆ భుజం మీదుగా బుల్లయ్యని చూసింది. చాలాసేపు చూసింది.

"చూళ్ళేదు," అంది. "కాయలన్నీ నేనే వేశా. వాడైతే బాగుండనుకున్నా."