బల్ల అంచున నీలం చాక్

“నేను దొంగాట ఆడానట సార్. బోర్డు మీద అంటించారు,” అంది టైలరమ్మ, కుర్చీలో కూర్చోకుండానే.

ఆమె తెచ్చిన ఆ కాగితం నకలు డిటెక్టివ్ చదివాడు. ముందురోజు స్నూకర్ క్లబ్బు ఫైనల్లో ఆమె ఆఖరి నల్ల బంతిని మూల పాకెట్‌లో వేసింది. వెంటనే అవతలి ఆటగాడు కాంట్రాక్టరు లేచి, ఆ పాకెట్ పక్కన బల్ల అంచు మీదున్న చాక్ ముక్కను చూపించాడు. గురి కోసం ఏ వస్తువునూ గుర్తుగా పెట్టుకోకూడదన్నది ఆట నియమం. రిఫరీ ఫౌల్ అన్నాడు. కప్పు కాంట్రాక్టరుకి పోయింది. ఆమెను ఇక క్లబ్బు గడప తొక్కనివ్వకూడదని కమిటీ తీర్మానించింది.

“కప్పు సంగతి వదిలేయండి. శనివారాలు పన్నెండు మంది ఆడపిల్లలకి ఆట నేర్పుతున్నాను. పొద్దున ఒక తల్లి ఫోన్ చేసింది. మీరేం నేర్పుతున్నారో తెలిసిందిలెండి, మా అమ్మాయి ఇక రాదు, అంది.”

“మీ చాక్ చూపించండి.”

ఆమె సంచిలోంచి తీసింది. క్యూ కర్ర మొన జారకుండా రుద్దే నీలం చాక్ అది. ఒక అంచు ఏటవాలుగా అరిగిపోయి ఉంది.

“గుడ్డ మీద గీసే చెయ్యి కదా సార్. దీన్నీ అంచునే గీస్తాను.”

డిటెక్టివ్‌కి సహాయంగా ఉండే మేనకోడలు ఆ మాట రాసుకుంది.

మధ్యాహ్నం క్లబ్బులో రిఫరీ ఒక కవరు తెచ్చిచ్చాడు. అందులో ఆ రోజు దొరికిన చాక్ ఉంది. నడిమధ్య గుండ్రటి లోతైన గుంట, నాలుగంచులూ కొత్తవాటిలా ఉన్నాయి.

“ఆవిడ పెట్టడం మీరు చూశారా?”

“లేదండీ. నా కళ్ళు తెల్ల బంతి మీదున్నాయి. కాంట్రాక్టరుగారు చూశానన్నారు.”

“ఆయన అన్నారని బోర్డు మీది కాగితం మీరు రాసేశారు.”

“ఐదేళ్ళుగా ఆయనే ఛాంపియనండీ.”

“నేనడిగింది అది కాదు.”

కాంట్రాక్టరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. “కళ్ళారా చూశాను. బల్ల చుట్టూ తిరిగొచ్చి మరీ పెట్టింది. బట్టలు కుట్టేవాళ్ళకి కొలత లేనిదే చెయ్యాడదు కదా.”

కమిటీవాళ్ళు నవ్వారు. మేనకోడలికి ఒళ్ళు మండిపోయింది.

“మరి మీ చాక్?” అడిగాడు డిటెక్టివ్.

“నా జేబు దాటదు.”

డిటెక్టివ్ టైలరమ్మతో సహా అందర్నీ బల్ల చుట్టూ నిలబెట్టాడు. బంతులు ఆ రోజున్నట్టే పెట్టించాడు. “ఆఖర్న మీరు కొట్టలేకపోయిన షాట్ దగ్గర్నుంచి మొదలెడదాం. మళ్ళీ కొట్టండి.”

కాంట్రాక్టరుకి పౌరుషం వచ్చింది. ఈసారి వేసి చూపిస్తానన్నట్టు జేబులోంచి చాక్ తీసి, కర్ర మొన మీద పెట్టి గిరగిరా తిప్పాడు. ఒంగి కొట్టాడు. బంతి మళ్ళీ తప్పింది. విసుక్కుంటూ వెళ్ళి తన కుర్చీలో కూలబడ్డాడు.

“ఎవరూ కదలకండి,” అన్నాడు డిటెక్టివ్. “మీ చాక్ ఏది సార్?”

కాంట్రాక్టరు జేబు తడుముకున్నాడు. చాక్ అతని కుర్చీ ముందే, అదే మూల పాకెట్ పక్కన, బల్ల అంచు మీదుంది.

మేనకోడలు దాన్ని తీసి, కవరులోని ముక్క పక్కన పెట్టింది. రెండింటికీ నడిమధ్యే గుంట. టైలరమ్మ చాక్‌కి అంచు అరిగింది.

“బంతి కొట్టే తొందరలో చాక్ అక్కడ పెట్టి మరిచిపోవడం ఈయన అలవాటు. అది తప్పు కాదు,” అన్నాడు డిటెక్టివ్. “కప్పు చెయ్యి జారేసరికి తన చాకే ఆవిడ నెత్తిన రుద్దాడు. పెట్టడం చూశానన్నాడు. దొంగాట అదీ. మీరంతా ఆ చాక్‌ని ఒక్కసారి తిప్పి కూడా చూడలేదు. చూడాలనిపించలేదు.”

కమిటీ అధ్యక్షుడు టైలరమ్మ వైపు తిరిగాడు. “కప్పు మీదేనమ్మా. ఈ సంగతి మాత్రం మన మధ్యే ఉంచుదాం.” అంటూ బోర్డు మీది కాగితం చింపబోయాడు.

“చింపకండి,” అంది టైలరమ్మ. “దాని కిందే రాయండి, ఎవరు అబద్ధమాడారో, ఎవరు నమ్మారో. అది చదివినవాళ్ళే ఇదీ చదవాలి.”

రిఫరీ కలం తీసి ఆమె చేతికివ్వబోయాడు.

“నేనెందుకు రాయాలి?” అంది. “రాసింది మీరు కదా.”