మైనస్ ఒకటి

ఉప్మా తింటూ ఫోను చూసుకోవడం సతీష్‌కుమార్‌కి అలవాటు. మే నెల మూడో వారం. పొద్దున్న ఏడున్నరకే తిరువూరులో ఎండ చుర్రుమంటోంది. ఫ్యాను కింద కూర్చుని కూడా తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, ఒక్కసారిగా కుర్చీలో నిటారుగా అయ్యాడు.

"ఎనిమిది వందల పన్నెండు," అన్నాడు ఇల్లంతా వినపడేలా. "పోయిన నెల కంటే నాలుగు పెరిగింది."

"ఏంట్రా పెరిగింది, కందిపప్పా?" అంది తల్లి సుబ్బరత్నం వంటింట్లోంచి.

"నా క్రెడిట్ స్కోరమ్మా. మనిషి అప్పు తీర్చడంలో ఎంత నమ్మకస్తుడో బ్యాంకులవాళ్లు చూసుకునే మార్కులు. తొమ్మిది వందలకి నాకు ఎనిమిది వందల పన్నెండు."

"పదో తరగతిలో ఇలాంటి మార్కులొస్తే మీ నాన్న ఎంత సంతోషించేవాడో."

ముందుగదిలో మిషన్ తొక్కుతున్న నాగలత పైకే నవ్వేసింది. సతీష్‌కి కోపం రాలేదు. ఆ స్కోరు విషయంలో ఎవరేమన్నా అతనికి కోపం రాదు. ఎరువుల కొట్టుకొచ్చే రైతుకి చూపిస్తాడు, టీకొట్టు దగ్గర స్నేహితులకి చూపిస్తాడు. ఒకసారి విజయవాడ బస్సులో పక్కసీటు ఆసామికి కూడా చూపించాడు.

"అప్పు నా పేరు మీద తీసుకుందామంటే వినవు కదా," అన్నాడు చెయ్యి కడుక్కుని ముందుగదిలోకి వచ్చి. "ఈ స్కోరు చూస్తే బ్యాంకువాళ్లు ఇంటికొచ్చి ఇచ్చి వెళ్తారు."

నాగలత దారం తెంపి తలెత్తింది. "బోర్డు మీద నా పేరు, బిల్లు పుస్తకం మీద నా పేరు. అప్పు మాత్రం మీ పేరు మీదైతే ఏం బాగుంటుందండీ? అయినా నాకు మాత్రం మార్కులుండవా? పదకొండేళ్ల నుంచి నా కార్డు డబ్బులు కడుతూనే ఉన్నాగా."

ఎనిమిదేళ్లుగా ఆమె బడిపిల్లల యూనిఫాంలు కుడుతోంది. ఇద్దరు ఆడవాళ్లు పనికొస్తారు. బైపాస్ రోడ్డులో ఇంగ్లీషు మీడియం స్కూలు నడిపే లిడియా మేడమ్ ఈ ఏడు ఆరువందల చొక్కాలు ఇస్తానంది. కాకపోతే జేబు మీద స్కూలు గుర్తు ఇక్కడే కుట్టాలంది. ఇన్నాళ్లూ ఆ గుర్తుల్ని నాగలత విజయవాడలో కుట్టించి బస్సు పార్సిల్లో తెప్పించేది. కిందటేడు అవి ఆలస్యంగా వచ్చాయి, పైగా అక్షరం తప్పు. నెలాఖరులోగా ఎంబ్రాయిడరీ మెషిన్ తెచ్చుకుంటే ఐదేళ్లపాటు ఆర్డరు నీదే, లేకపోతే ఖమ్మంవాళ్లకి ఇచ్చేస్తానంది లిడియా మేడమ్. మెషిన్ ధర నాలుగున్నర లక్షలు. అందుకే బ్యాంకులో దరఖాస్తు పెట్టింది.

ఇక ఆమె చెప్పిన కార్డు సంగతి. పెళ్లయిన మూడో ఏడు సతీష్ క్రెడిట్ కార్డు తీసుకుంటూ, ఆమెకీ ఒకటి ఇప్పించాడు. దాని మీద నాగలత అని ఆమె పేరే ఉబ్బెత్తు అక్షరాలతో ఉంది. ఆమె ఆ రోజు వేలితో ఆ అక్షరాలు తడిమి చూసుకుని, "ఇది నాదేనా?" అని రెండుసార్లు అడిగింది. నీదే అన్నాడతను. అబద్ధమాడాలని కాదు, నిజమేననుకున్నాడు. అప్పటినుంచీ ఇంటి సరుకులూ కరెంటు బిల్లూ, ఆఖరికి అతని ఫోను కూడా ఆ కార్డు మీదే. గడువు లోపల డబ్బు కట్టడం ఆమె వంతు. గడువు ఏ తేదీయో సతీష్‌కి ఇప్పటికీ తెలియదు.

సతీష్ ఎరువుల కొట్టు బోసుబొమ్మ సెంటరుకి దగ్గర్లోనే. పదకొండు గంటలకి పురుగుమందు కోసం వచ్చిన బ్యాంకు అటెండరు ఒక కవరు ఇచ్చి, "మేడమ్ గారికండి, జోజిబాబు సార్ ఇమ్మన్నారు," అని వెళ్లిపోయాడు. జోజిబాబు అప్పుల విభాగం అధికారి. ఆ ఇంట్లో ఎవరి ఉత్తరమైనా కొట్టులోనే చింపడం తాతలనాటి రివాజు. సతీష్ కూడా మరో ఆలోచన లేకుండా చింపేశాడు. లోపల ఇంగ్లీషు కాగితం, పైన నాగలత పేరు. మార్కులుండాల్సిన గడిలో ఒక అడ్డగీత, పక్కన ఒకటి అంకె.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న తండ్రి కాశీవిశ్వనాథం కళ్లజోడు సర్దుకుని కాగితం అందుకున్నాడు. యాభై ఏళ్లుగా ఆయన ఖాతా పుస్తకానికి ఒక పద్ధతి ఉంది. రైతు బాకీ ఉంటే అంకె ముందు చిన్న అడ్డగీత గీస్తాడు. తీర్చిన రోజున దాని మీద నిలువుగీత వేసి కూడిక గుర్తు చేస్తాడు. కొట్టులో అందరూ అలాగే చదువుతారు. సతీష్‌కి అక్షరాలకంటే ముందు వచ్చిన చదువు అదే.

"బాకీ ఉందిరా," అన్నాడాయన గొంతు తగ్గించి. "గీత కనపడట్లా? ఒక బాకీ."

"ఈవిడకి బాకీ ఏంటి నాన్నా?"

"నన్నడిగితే? అమ్మాయి అలాంటిది కాదు. కానీ బ్యాంకు కాయితం ఊరికే రాదు కదా."

సతీష్ జోజిబాబుకి ఫోను చేశాడు. మీటింగులో ఉన్నట్టున్నాడు, ఎత్తలేదు. అడిగి తెలుసుకోవాల్సిన మాట అడగడానికి మనిషి దొరక్కపోతే, మనసు తనకు తోచిన జవాబు తనే చెప్పుకుంటుంది. అతని మనసు పెనుగొలను దాకా వెళ్లింది. అక్కడ నాగలత తమ్ముడు సూర్యతేజ వ్యవసాయం చేస్తాడు. రెండేళ్ల కిందట పత్తి పోయి, రెండు లక్షలు సర్దమని వచ్చాడు. సతీష్ లేదన్నాడు. మరి ఆ మరుసటి నెలలోనే మిర్చి ఎలా వేశాడు? డబ్బు ఎక్కడిది? ఒంటిగంట కాకుండానే కొట్టు తండ్రికి వదిలి ఇంటికొచ్చాడు.

నాగలత కంచం పెడుతోంది.

"సూర్యతేజకి ఎంత ఇచ్చావు?" అన్నాడు.

"ఏంటండీ?"

"ఎక్కడ తెచ్చి ఇచ్చావని. ఫోనుల్లో అప్పులిస్తున్నారుగా, అక్కడా?"

కాగితం బల్ల మీద పడేశాడు. ఆమె చెయ్యి తుడుచుకుని చదివింది. ముఖం పాలిపోయింది. తప్పు బయటపడ్డ ముఖం అనుకున్నాడతను. దెబ్బ తగిలిన ముఖం కూడా అలాగే ఉంటుందని ఆ క్షణాన అతనికి తోచలేదు.

"ఇదేంటో నాకర్థం కావట్లేదు," అంది నెమ్మదిగా. "పద్దెనిమిది గడువు. నేను పదిహేనుకే కడతాను. ఒక్క నెల తప్పలేదు."

"మరి ఆ గీతేంటి?"

"నాకు తెలీదండీ."

"తెలీకుండా బాకీ ఎలా వస్తుంది? నేను వద్దన్నానని నా వెనక..."

"ఒరే, ఆగు," అంటూ సుబ్బరత్నం వంటింట్లోంచి వచ్చింది. "నోరుంది కదాని ఎంతమాట పడితే అంతమాటా?"

"మీరుండండి అత్తయ్యా." నాగలత భర్త వైపు తిరిగింది. "దాచింది ఉందండీ. ఒక్కటే ఉంది. కరోనాలో మూడు నెలలు కొట్టు సరిగా తెరవలేదు. కార్డు డబ్బులకి మీరు ఇబ్బంది పడతారని నా గాజులు తాకట్టు పెట్టి కట్టాను. తర్వాత కుట్టుపని డబ్బులతో విడిపించుకున్నాను."

"నాకు తెలుసు," అంది సుబ్బరత్నం. "వాడికి చెప్పకు, దిగులు పడతాడని నేనే అన్నాను."

నాగలత కాగితం మడిచి చేతిసంచీలో పెట్టుకుంది.

"ఇక మా తమ్ముడు. మీరు లేదన్న రోజున నేనూ లేదన్నాను. వాడు అర ఎకరం అమ్ముకుని మిర్చి వేశాడు. పోయినేడు నెమలి ఊరి గుడిలో ఎదురుపడితే నన్ను చూసి మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. మీ మాట పోకూడదని ఊరుకున్నాను. ఇప్పుడు మీరే వాడి పేరు పెట్టి నన్ను అడుగుతున్నారు." ఆమె చెప్పులు వేసుకుంది. "పదండి బ్యాంకుకి. ఏం అడగాలో నా ఎదురుగానే అడగండి."

కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది. బండి మీద ఆమె అతని భుజం పట్టుకోలేదు. వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది.

జోజిబాబు భోజనం డబ్బా మూసి, కుర్చీలు చూపించాడు. విషయం వినగానే నుదురు కొట్టుకున్నాడు.

"అయ్యో, పొరపాటు నాదే సార్. వివరం రాయకుండా పంపించేశాను. మైనస్ ఒకటి అంటే బాకీ కాదు. ఖాళీ అని. మేడమ్ గారు అప్పు తీసుకున్నట్టు గానీ, కట్టినట్టు గానీ ఎక్కడా దాఖలా లేదని. ఈ మనిషి గురించి మాకేమీ తెలియదు అని చెప్పడం అన్నమాట."

సతీష్‌కి గుండె మీంచి బరువు దిగినట్టయింది. కానీ పక్కన నాగలత ముఖం ఇంటి దగ్గరకంటే ఇంకా చిన్నబోయింది. బాకీ ఉందంటేనే ఆమె అంత కుంగలేదు.

"ఏమీ లేదా?" అంది. చేతిసంచీలోంచి చిన్న గుడ్డసంచీ, అందులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "పదకొండేళ్లు కట్టానండీ. ఇదిగో, నా పేరుంది."

జోజిబాబు కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "పేరు మీదే మేడమ్. ఖాతా మాత్రం సార్‌ది. దీన్ని యాడ్-ఆన్ కార్డు అంటారు. సార్ అప్పు వాడుకోడానికి మీకు అనుమతి ఉందని, అంతే. మీరు టైముకి కట్టిందంతా సార్ చరిత్రలోకే వెళ్తుంది. మీరు కట్టకపోయినా దెబ్బ సార్‌కే తగిలేది."

"అంటే ఇన్నాళ్లూ నేను కట్టింది..."

"అంతా సార్‌కే పడింది మేడమ్. సార్ స్కోరు చాలా బాగుండి ఉండాలి. ఎంత సార్?"

బస్సులో ముక్కూమొహం తెలియనివాడికి చెప్పిన మాట సతీష్ నోట రాలేదు.

"ఎనిమిది వందల పన్నెండు," అంది నాగలతే. అని నవ్వబోయింది. "పోనీలెండి, మార్కులు ఎక్కడికి పోయాయి, ఇంట్లోనే ఉన్నాయిగా." ఆ నవ్వు సగంలో ఆగిపోయి కళ్లలో నీళ్లు తిరిగాయి. పమిటచెంగుతో తుడుచుకుని గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చుంది.

సతీష్‌కి సిగ్గేసింది. పరీక్ష రాసింది ఆవిడ, హాల్‌టికెట్టు నంబరు మాత్రం తనది. ఆ మార్కులు పట్టుకుని ఊరంతా తిరిగాడు. తిరిగి, ఆవిడనే దొంగని చేసి నిలబెట్టాడు.

"ఇప్పుడేం చెయ్యాలండీ?" అని అడిగాడు.

"తేలికైన దారి, మీ పేరు మీద తీసుకోవడం. రెండు రోజుల్లో అయిపోతుంది. మేడమ్ పేరు మీద అంటే చరిత్ర లేదు కాబట్టి పైవాళ్లు ఒప్పుకోరు."

నాగలత తల వంచుకుంది. సరేనండి అనడానికి ఆమె సిద్ధపడుతోందని సతీష్‌కి తెలిసిపోయింది. పదకొండేళ్లుగా అన్నిటికీ అలాగే సిద్ధపడింది.

"వద్దండి," అన్నాడతను. "అప్పు ఆవిడ పేరు మీదే ఉండాలి. నేను జామీను ఉంటాను. అలా వీలవుతుందా?"

"వీలవుతుంది సార్. కట్టే ప్రతి వాయిదా మేడమ్ పేరున నమోదవుతుంది. కాకపోతే వారం పది రోజులు పడుతుంది."

"నెలాఖరు లోపలే కదా. పర్లేదు. పైన ఆవిడ సంతకం, కింద నాది."

"ఇంకోటి కూడా చెయ్యండి. మేడమ్ పేరున చిన్న డిపాజిట్ వేసి, దాని మీద ఆవిడకే సొంత కార్డు తీసుకోండి. ఇక ఆ కార్డుకి ఆవిడ కట్టింది ఆవిడకే పడుతుంది."

నాగలత సతీష్ వైపు చూసింది. జోజిబాబు కొత్త దరఖాస్తు ఇచ్చి, పాన్ కార్డు నకలు కావాలన్నాడు. ఆమె పక్కనున్న జిరాక్స్ షాపుకి వెళ్లింది. సతీష్ పెన్ను తీసుకుని కూర్చున్నాడు. దరఖాస్తుదారు పేరు రాశాడు. చేసే పని, బడి యూనిఫాంల కుట్టుపని అని రాశాడు. ఫోను నంబరు దగ్గర పెన్ను ఆగింది. నంబరు నోటికి రాదు. రోజుకి నాలుగుసార్లు ఆ నంబరుకే చేస్తాడు, కానీ నొక్కడమే తప్ప చదివింది ఎప్పుడు?

ఫోను తీసి నాగలత అని కొట్టాడు. ఏమీ రాలేదు. ఇంగ్లీషులో కొట్టాడు, రాలేదు. లత అని కొడితే సత్తుపల్లి విత్తనాల కంపెనీ లత వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది. మొదటి ఫోను కొన్న రోజున "ఇల్లు" అని రాసుకున్నాడు. ఫోన్లు మారాయి, ఆ పేరు మారలేదు.

జోజిబాబు ఎదురుగా ఉండగానే కళ్లు చెమ్మగిల్లాయి. లేచి జిరాక్స్ షాపు దగ్గరికి వెళ్లాడు. ఎండకి నాగలత నెత్తిన చెంగు కప్పుకుని నిలబడి ఉంది.

"నీ నంబరు రాయాలి," అన్నాడు. "నా ఫోనులో నీ పేరు కొడితే రావట్లేదు నాగా."

"రాదండీ. ఇల్లు అని ఉంటుంది." ఆమె మామూలుగానే అంది. "రోజూ మీ ఫోను చార్జింగులో పెట్టేది నేనేగా, చూస్తూనే ఉంటాను."

"ఎప్పుడూ అనలేదే."

"అనడానికేముంది? ఇల్లంటే నేనే కదా అని సంతోషపడేదాన్ని." కాస్త ఆగింది. "ఇవాళ మధ్యాహ్నం దాకా."

షాపువాడు చూస్తున్నాడని కూడా అనుకోకుండా సతీష్ కళ్లు తుడుచుకున్నాడు. "తప్పు చేశాను," అన్నాడు. "నిన్ను అడగకూడని మాట అడిగాను. రేపు పొద్దున్నే పెనుగొలను వెళ్దాం. సూర్యతేజని నేనే పలకరిస్తాను, వాడు ఏమన్నా పడతాను."

నాగలత వెంటనే కరిగిపోలేదు. చేతిలో కాగితాలు ఒకటికి రెండుసార్లు సర్దుకుంది. తర్వాత అతని చేతిలోంచి ఫోను తీసుకుని, 'ఇల్లు' తెరిచి, మళ్లీ అతని చేతికే ఇచ్చింది.

"పేరు మార్చండి," అంది. "నేను రాసుకుంటే ఏం బాగుంటుంది, మీరే రాయాలి."

సతీష్ ఆ ఎండలో నిలబడి ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. 'నాగలత' అని పూర్తయ్యాక ఆమెకి చూపించాడు. ఆమె చూసి తలూపింది.

"ఇక నంబరు రాయండి," అంది. "తొమ్మిది, నాలుగు..."

"మెల్లిగా చెప్పు. కంఠతా పట్టాలి," అన్నాడు సతీష్.