తీగ లేని దారిలో కరెంటు ఇంజను

ఇంగ్లండులోని షిల్డన్ షెడ్డులో పది కరెంటు రైలింజన్లుండేవి. ఇరవై ఏళ్లపాటు డర్హమ్ బొగ్గును న్యూపోర్టుకు లాగాయి. పొగ లేదు, మసి లేదు, పార పట్టే మనిషితో పని లేదు. పొద్దున్నే డ్రైవరు చేతిపంపు కొడితే, పైకప్పు మీది ఇనుప చట్రం లేచి కరెంటు తీగను అందుకునేది.

ఆ డ్రైవర్లలో జాస్ టిండేల్ ఒకడు. చట్రానికి గ్రీజు పూసే విల్ఫ్ హెస్లర్ పైకప్పు ఎక్కాడంటే జాస్‌కు పండగే. కింద కూర్చుని రెండుసార్లు పంపు కొట్టి ఆపేవాడు.

"ఒరే జాస్, నీకు దణ్ణం పెడతా, ఆపరా! ఇంట్లో పసిపిల్ల ఉంది!"

"పిరికి సన్నాసీ! రెండు దెబ్బలకే లేస్తుందా అది?"

ఒకరోజు లేచింది, తీగను తాకింది. విల్ఫ్‌కు కేక వేసే వ్యవధి కూడా లేకపోయింది.

విచారణలో జాస్ టోపీ తీసి, "పైన ఉన్నట్టు వాడు నాకు చెప్పనేలేదండీ" అన్నాడు. తప్పు చచ్చినవాడి మీదే పడింది. ఆ రాత్రి జాస్ హాయిగా నిద్రపోయాడు.

తర్వాత బొగ్గు బేరాలు పడిపోయాయి. 1935లో కరెంటు ఆపేశారు. ఇంజన్లను ఒక్కొక్కటిగా ఆవిరి ఇంజనుకు తగిలించి డార్లింగ్టన్‌లో మూలపెట్టడానికి లాక్కెళ్లారు. ఆ దారిలో కరెంటు తీగ అనేదే ఎప్పుడూ వెయ్యలేదు.

చివరి ఇంజనులో బ్రేకు దగ్గర నిలబడి చూసుకోవడానికి జాస్‌ను ఎక్కించారు. మధ్యాహ్నం మూడింటికే మంచు కమ్మేసింది. ఎటు చూసినా తడిసిన బొగ్గు వాసన. సిగ్నలు దగ్గర బండి ఆగింది.

పైకప్పు మీద అడుగుల చప్పుడు. మెల్లగా... ఇటు నుంచి అటు...

"ఎవడ్రా అది?" తిట్టుకుంటూ జాస్ బయటి నిచ్చెన ఎక్కాడు. పైన ఎవరూ లేరు.

కింద తలుపు గడియ పడింది.

పంపు చప్పుడు. ఒకటి... రెండు...

"వద్దు... వద్దురా..." జాస్ పైకప్పును అరచేత్తో బాదాడు.

"అప్పుడే ఏమైంది జాస్?" కింద నుంచి గుసగుస. "ఇంకా ఉన్నాయి."

మూడు... నాలుగు... పక్కనే చట్రం కిర్రుమని లేస్తోంది. జాస్ నిచ్చెన కోసం తడుముకున్నాడు. చేతికి అందలేదు. తలెత్తి చూశాడు. తీగ లేదు. కానీ మంచులో, తలకు జానెడు ఎత్తున, ఏదో జుమ్మంటోంది...

జాస్ కేక విని, ఆవిరి ఇంజను నడిపే ఎలియట్ పరిగెత్తుకొచ్చాడు. జాస్ ఇంకా కొనఊపిరితో ఉన్నాడు. అరచేతులు బొగ్గయిపోయాయి.

"లోపల... ఎవరో..." అన్నాడు. అంతటితో ఊపిరి ఆగింది.

గడియ లోపలి నుంచి వేసి ఉంది. ఎలియట్ గొడ్డలితో తలుపు పగలగొట్టాడు. లోపల ఎవరూ లేరు. డ్రైవరు కూర్చునే బల్ల మీద చెయ్యి ఆనించి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

బల్ల వెచ్చగా ఉంది.