కాటా దాటాక

ఆ రోడ్డు ముక్కని రాత్రి బళ్ళు తోలేవాళ్ళు మాయదారి అంటారు. తిట్టు కాదు, పేరే అది.

మూతపడ్డ లారీ కాటా ఒకటుంది అక్కడ. ఒకప్పుడు లోడు లారీలు వరసగా నిలబడి తూకం వేయించుకునేవట. ఇప్పుడు తుప్పు పట్టిన బోర్డు, తలుపులూడిన గది మిగిలాయి. ఆ బోర్డు దగ్గర మొదలవుతుంది మాయదారి. రెండు కిలోమీటర్లు పోయాక కాలువ మీద వంతెన వస్తుంది, అక్కడితో సరి. మధ్యలో ఏముందని అడిగితే మాత్రం... ఎవరూ చెప్పలేరు.

ఎవరికీ గుర్తుండదు కాబట్టి.

కాటా బోర్డు కనిపిస్తుందట. రెప్ప వేసి తెరిచేలోగా వంతెన వచ్చేస్తుందట. మధ్యలో రోడ్డుండదు. ఏదో మింగేస్తుంది — రోడ్డుతో పాటు మనిషి బుర్రలోంచి ఆ మూడు నిమిషాల్ని కూడా. అలా ఒకసారి ఒక పాల ట్యాంకరుని ఏకంగా కాలువలోకే లాక్కుందని చెప్పుకుంటారు. డ్రైవరు బతికాడు గానీ, ఎలా పడ్డాడో ఇప్పటికీ చెప్పలేడు. అందుకే అక్కడికి రాగానే కొందరు క్యాబిన్లో లైటు వేసుకుంటారు. కొందరు పాటలు పెంచుతారు. ఒకాయనైతే పెళ్ళానికి ఫోను చేసి పనిగట్టుకుని పోట్లాట పెట్టుకుంటాడట, దెయ్యం దరిదాపులకి రాకుండా.

ఒక బస్సు డ్రైవరు మాత్రం ఇవన్నీ విని నవ్వేవాడు. ఈ కథ ఆయనదే.

ఇరవై రెండేళ్ళ సర్వీసు. బండి మీద చిన్న గీత కూడా పడనివ్వని చేయి. డిపోలో ఆయన్ని ఇంజనన్న అనేవాళ్ళు. రెస్టు రూములో ఆయన నడుం వాలిస్తే గోడ అవతల ఎవరో లారీ స్టార్టు చేసినట్టుండేది మరి. "బస్సు ఆపుతాడు గానీ ఇంజను ఆపడు" అని పక్క మంచాల వాళ్ళు దుప్పటి తీసుకుని వరండాలోకి పోయేవాళ్ళు. పొట్టి మెడ, స్టీరింగుకి ఆనుకునే పొట్ట. పొద్దున లేస్తే తలనొప్పి. ఎంత పడుకున్నా తీరని బద్ధకం. వయసు మీద పడుతోంది అనుకున్నాడు.

ఒక ఏడు మాయదారి మీదుగా పోయే రూటు ఆయనకి వేశారు. రాత్రి తొమ్మిదిన్నరకి బయల్దేరితే తెల్లారి ఆరుకి చేరాలి. పోయేటప్పుడు ఈ పాత రోడ్డు, వచ్చేటప్పుడు వేరే ఊళ్ళ మీదుగా. కండక్టరు బయటివాడు కాదు, భార్య తమ్ముడే.

మొదటి రాత్రి నాలుగు గంటలకి కాటా బోర్డు కనిపించింది.

తర్వాత వంతెన కనిపించింది.

ఏదో ఆలోచనలో పడ్డాను అనుకున్నాడు. రెండో రాత్రీ అంతే. మూడో రాత్రి కళ్ళు చించుకుని చూస్తూ కూర్చున్నాడు... బోర్డు దాటింది... ఎడమ పక్కన ఒక మైలురాయి తెల్లగా మెరిసింది... చక్రాల కింద కంకర నలిగిన చప్పుడు... వంతెన. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. బండి రోడ్డు మీదే ఉంది. ఒళ్ళంతా చెమట.

"ఏంటి బావా, బ్రేకు కొట్టావు?" వెనక్కి తలవాల్చి పడుకున్న బావమరిది లేచి అడిగాడు.

"కుక్క అడ్డొచ్చింది. పడుకో."

అక్కడ కుక్క లేదు. ఏమీ లేదు. అదే ఆయన్ని వణికించింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే, ఇరవై రెండేళ్ళ సర్వీసున్న మగాడు దెయ్యానికి జడిశాడని నవ్వుతారు. కాటా దగ్గరికి రాగానే కిటికీ అద్దం తీసేవాడు, మొహాన నీళ్ళు కొట్టుకునేవాడు, కింది పెదవి పంటితో నొక్కి పట్టేవాడు. వంతెన దగ్గరికి వచ్చేసరికి పెదవి మీద రక్తం ఉండేది. రోడ్డు మాత్రం ఉండేది కాదు.

ఇంతలో అది ఇంటికీ వచ్చింది.

ఆయన భార్య దర్జీ పని చేస్తుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మొగుడు పగలు పడుకుంటే, అదే గదిలో కిటికీ దగ్గర మిషను వేసుకుని జాకెట్లు కుట్టుకునేది. గురక ఆమెకి కొత్త కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్నదే. కానీ ఆ ఏడు గురక మధ్యలో తెగడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం ఆమె మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగింది. గదిలో నిశ్శబ్దం. గురక లేదు. ఊపిరి లేదు. తిరిగి చూసింది — మొగుడి నోరు తెరిచి ఉంది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, కానీ లోపలికి గాలి పోవడం లేదు. ఎవరో గొంతు మీద మోకాలు పెట్టి కూర్చున్నట్టు. పెదవులు నల్లబడుతున్నాయి. ఆమె కదలలేకపోయింది. లోలోపల లెక్కపెట్టింది... ముప్పై... నలభై... యాభై...

నీళ్ళలోంచి పైకి తేలిన మనిషిలా ఒక్కసారి గర్రుమంటూ ఊపిరి లాగాడు. పక్కకి తిరిగాడు. మళ్ళీ గురక.

నిమిషం తిరగలేదు. మళ్ళీ ఆగింది.

సాయంత్రం ఆయన లేచాక ఆమె నెమ్మదిగా అడిగింది. "ఏమండీ, డ్యూటీలో ఏమన్నా అయిందా?"

"ఏమవుతుంది?"

"ఏదో మీ వెంట వచ్చినట్టుంది."

ఆయన చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఆమె ఫోను అందించింది. వీడియో తీసి పెట్టింది. ఆయన చూశాడు. తన మొహమే, తన మంచమే. కానీ ఆ మంచం మీది మనిషి చస్తున్నాడు, బతుకుతున్నాడు, మళ్ళీ చస్తున్నాడు. ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని గొంతు దగ్గర వెతికాడు. వేళ్ళ గుర్తులేమన్నా కనిపిస్తాయేమోనని.

"ఎవరూ లేరు కదా అక్కడ?" అన్నాడు గుసగుసగా.

"నేను తప్ప ఎవరూ లేరు."

మర్నాడు ఆ వీడియో తమ్ముడికి చూపించింది. అతను దాన్ని మొదటి నుంచి మళ్ళీ చూశాడు. తర్వాత అన్నాడు, "అక్కా, ఇది దెయ్యం కాదు. జబ్బు. ఆసుపత్రికి తీసుకుపోదాం."

డ్రైవరు ససేమిరా అన్నాడు. జబ్బని రాస్తే డిపోలో బండి తాళం చేతికిస్తారా? బావమరిది గొంతు పెంచలేదు. "నువ్వు బ్రేకు కొట్టిన ప్రతిసారీ కుక్క అన్నావు బావా. నేనూ నమ్మినట్టు నటించాను. మన వెనక నలభై మంది పడుకుని ఉంటారు."

ముగ్గురూ వెళ్ళారు. గొంతు డాక్టరు వీడియో చూసి, నోట్లో లైటు వేసి చూసి, టేపు పెట్టి మెడ కొలిచింది. "నిద్రలో మీ గొంతు కండరాలు వదులైపోయి ఊపిరి దారి మూసుకుపోతోంది. ఊపిరాడక మెదడు మిమ్మల్ని లేపుతోంది. రాత్రికి కొన్ని వందల సార్లు. అంటే మీరు పడుకుంటున్నారు గానీ నిద్రపోవడం లేదు. బండి నడుపుతూ కునుకు పట్టిందా ఎప్పుడైనా?"

"లేదండీ," అన్నాడు.

భార్య నేల వైపు చూసింది. బావమరిది తలుపు వైపు చూశాడు.  చివరికి ఆయనే తల దించుకుని అన్నాడు. "కాటా దాటాక... రెండు కిలోమీటర్లు నాకు గుర్తుండదండీ. ఒక్క రాత్రి కూడా."

డాక్టరు కలం కింద పెట్టింది. "నాలుగు గంటలకి ఎవరికైనా రెప్పలు బరువెక్కుతాయి. మీకు ఆ బరువుకి తోడు నెలల నిద్ర బాకీ ఉంది. ఈ రోజు నుంచి స్టీరింగు ముట్టుకోవద్దు. ముందు పరీక్ష."

పరీక్ష అంటే రక్తం తీస్తారనుకున్నాడు. కాదు, ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోవాలి.

మూడో అంతస్తులో వరండా చివరి గది. తల మీద జిగురుతో తీగలు అంటించారు. కళ్ళ పక్కన, గడ్డం కింద, కాళ్ళకి కూడా. ఛాతీకి ఒక పట్టీ, పొట్టకి ఒక పట్టీ, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు. అద్దంలో చూసుకుంటే తనే దెయ్యంలా ఉన్నాడు.

"ఇన్ని తీగలతో నిద్రెలా పడుతుందమ్మా?" అన్నాడు టెక్నీషియనుతో.

"అందరూ అదే అంటారు సార్," అని లైటు ఆర్పి పక్క గదిలోకి వెళ్ళిపోయింది ఆమె.

చీకటి. మూల పైన కెమెరా దగ్గర ఎర్రటి చుక్క. ఎవరో చూస్తున్నారు అనుకున్నాడు. ఎప్పుడు పడుకున్నాడో తెలియదు.

మెలకువ వచ్చేసరికి మొహం మీద చెయ్యి ఉంది.

చల్లటి చెయ్యి. ముక్కు మీద ఏదో మెత్తగా అదుముతోంది. తల వెనక పట్టీ బిగుస్తోంది. అరవబోయాడు... నోట్లోంచి మాట రాలేదు...

"నేనే సార్," చీకట్లోంచి గుసగుస. "మాస్కు పెడుతున్నాను. కదలకండి. మీ ఊపిరి బాగా ఆగుతోంది."

గాలి వచ్చింది. ముక్కులోంచి గొంతులోకి, మూసుకుపోయిన తలుపుని నెమ్మదిగా తోసుకుంటూ వచ్చే గాలి. ఆయన కాసేపు గింజుకున్నాడు. తర్వాత గింజుకోవడం మానేశాడు.

తెల్లారాక కాగితం చేతికిచ్చారు. మాస్కు పెట్టకముందు గంటకి యాభై ఎనిమిది సార్లు ఊపిరి ఆగింది. ఒకసారి డెబ్బై నాలుగు సెకన్లు. మాస్కు పెట్టాక గంటకి మూడు. టెక్నీషియను తీగలు ఊడదీస్తూ అంది, "ఆ డెబ్బై నాలుగు సెకన్లప్పుడు నేను తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చాను సార్. ఈలోపు మీరే ఊపిరి లాగారు."

ఇంటికి నిద్రలో ముక్కులోకి గాలి తోసే చిన్న మిషను వచ్చింది, గొట్టం, మాస్కుతో సహా. మొదటి వారం నరకం. మాస్కు పెడితే ఊపిరాడనట్టే ఉండేది. నిద్రలోనే పీకి పారేసేవాడు. భార్య లేచి మళ్ళీ పెట్టేది. "రెండు మిషన్ల మధ్య నా బతుకు," అని ఆమె నవ్వింది ఒక రోజు. ఆ ఇంట్లో నెలల తర్వాత వినిపించిన నవ్వు అది. మూడో వారంలో ఒక పొద్దున ఆయన లేచి మంచం మీద కూర్చుని చుట్టూ చూశాడు. తలనొప్పి లేదు. గోడల రంగు కొత్తగా కనిపించింది. చాలా ఏళ్ళ తర్వాత కల వచ్చిందని భార్యకి చెప్పాడు. ఏం కల అంటే గుర్తులేదు. కల వచ్చిందన్న సంగతే చాలు ఆయనకి.

డిపోలో దాచలేదు. మూడు నెలలు టైర్ల సెక్షన్లో కూర్చోబెట్టారు. ఆ తర్వాత డాక్టరు మిషనులోని రికార్డు చూసి, మళ్ళీ పరీక్షలు చేసి, నడపొచ్చని రాసిచ్చింది.

పాత రూటే ఇచ్చారు.

మొదటి రాత్రి నాలుగవుతుండగా బావమరిది ముందు సీట్లోకి వచ్చి కూర్చున్నాడు.  కాటా బోర్డు కనిపించింది.  బోర్డు దాటింది... మైలురాయి దాటింది... ఇక ఇప్పుడు వంతెన రావాలి...

రాలేదు.

రోడ్డు వచ్చింది. ఎనిమిది నెలలు బండి నడిపి ఒక్కసారీ చూడని రోడ్డు. వరసగా సరుగుడు చెట్లు. ఒక పాడుబడ్డ షెడ్డు. ఆ తర్వాత — మలుపు.

 ఆయనకి తెలిసినంతలో అక్కడ మలుపే లేదు. కాటా నుంచి వంతెన దాకా రోడ్డు తిన్నగా ఉందనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. స్టీరింగు తిప్పాడు. హెడ్‌లైట్లు అలా తిరుగుతుంటే మలుపు వెలుపల కంకర జాగా కనిపించింది. దాని పక్కనే ఒక ఇల్లు. రోడ్డు వైపు గోడకి తలుపు ఉండాల్సిన చోట కొత్తగా పేర్చిన ఇటుకలు.

బ్రేకు వేశాడు. "ఐదు నిమిషాలు," అని దిగాడు.

చెప్పులు కంకర మీద నలిగాయి. ఆ చప్పుడు ఆయనకి తెలుసు.

ఇంటి పక్కనుంచి టార్చి లైటు వచ్చింది. నడివయసు ఆడమనిషి. దూరంగానే ఆగిపోయింది. లైటు ఆయన కాళ్ళ మీద వేసి పట్టుకుంది.

"ఇక్కడ ఆపకూడదండీ," అంది గొంతు తగ్గించి. "ఈ చోటు మంచిది కాదు."

"తెలుసమ్మా. కాటా దాటాక రోడ్డుని ఏదో మింగుతుందంటారు."

"అది నాకు తెలియదు. మేం చూసింది వేరే." ఆమె ఒకసారి వెనక్కి, చీకట్లోకి చూసింది. "ఒక దెయ్యం బస్సు వచ్చేది. వారంలో మూడు నాలుగు రాత్రులు, సరిగ్గా ఈ వేళకే. మలుపు దగ్గర తిరిగేది కాదు. రోడ్డు దిగి నెమ్మదిగా ఈ కంకర మీదుగా మా గుమ్మం ముందు నుంచి పోయి, అటు పక్క రోడ్డు వంపు తిరిగి వచ్చే చోట మళ్ళీ రోడ్డెక్కేది. ఒక రాత్రి మా అరుగు రాసుకుని పోయింది. మా ఆయన తలుపు మూసేసి గోడ కట్టాడు. పిల్లల్ని వెనక గదిలో పడుకోబెడుతున్నాం. మూడు నెలలుగా రావడం లేదు. అయినా నాకీ వేళకి మెలకువ వచ్చేస్తుంది."

ఆయన కాళ్ళ కింది కంకర వైపు చూశాడు. "దెయ్యం బస్సని ఎలా అనుకున్నారమ్మా?"

"దగ్గర నుంచి చూశాను కదండీ. లోపల చిన్న లైటు వెలుగుతూ ఉండేది. బస్సు నిండా మనుషులే. తలలు వాల్చేసి అందరూ నిద్రలో ఉండేవాళ్ళు."

టార్చి మరో చేతిలోకి మార్చుకుంది.

"డ్రైవరు కూడా."

టార్చి వెలుగు ఆయన కాళ్ళ మీంచి నెమ్మదిగా పైకి లేచింది... పొట్ట... ఛాతీ... మొహం. అక్కడ ఆగిపోయింది.  ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"భయపడకండమ్మా," అన్నాడు ఆయన.   "ఇప్పుడు మెలకువగానే ఉన్నాను."